స్నో వైట్‌కి ముఖం వచ్చిన కథ

1917 జనవరి. అమెరికాలోని కాన్సస్ సిటీలో పేపర్లు వేసే కుర్రాళ్లను పిలిచి, ఓ పెద్ద హాల్లో ఉచితంగా సినిమా వేశారు. నాలుగు వైపులా నాలుగు తెరలు, అన్నిటి మీదా ఒకే బొమ్మ. ఆ మూకీ పేరు ‘స్నో వైట్’. చూస్తున్నవాళ్లలో 15 ఏళ్ల వాల్ట్ డిస్నీ ఉన్నాడు. రాకుమారి వేషం వేసిన మార్గరీట్ క్లార్క్‌కి అప్పుడు 33 ఏళ్లు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు కాబట్టి చిన్నపిల్లగా చెల్లిపోయింది.

గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలో ఈ పిల్ల రూపానికి ఆధారం మూడు రంగులే. మంచులాంటి తెలుపు, నెత్తురంత ఎరుపు, కిటికీ చట్రపు కర్రంత నలుపు. కళ్లెలా ఉంటాయో, ముక్కెలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. నీకంటే ఆ పిల్లే అందగత్తె అని అద్దం రాణికి చెప్పేనాటికి పిల్ల వయసు ఏడేళ్లు. కథ చెప్పడానికి ఈమాత్రం చాలు, మిగతాది వినేవాళ్లు ఊహించుకుంటారు. సినిమా తీసేవాడు మాత్రం ఏదో ఒక ముఖం ఖాయం చెయ్యక తప్పదు.

1934లో స్నో వైట్‌ని బొమ్మల సినిమాగా తీయడానికి డిస్నీ స్టూడియోలో ఆ పని మొదలైంది. కథ తొలి చిత్తుల్లోనే, రాకుమారి ఆనాటి తార జానెట్ గేనర్ తరహాలో ఉండాలనీ, రాకుమారుడు నటుడు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తరహా అనీ రాసుకున్నారు. గీసే బొమ్మకి కూడా హీరోయిన్ పోలిక వెతికారన్నమాట.

గీసినవాళ్లలో గ్రిమ్ నాట్విక్ ఒకడు. గ్రిమ్ సోదరులతో ఆయనకి పేరే తప్ప చుట్టరికం లేదు. 1930లో బెట్టీ బూప్ అనే కార్టూన్ వయ్యారిని పుట్టించిన చెయ్యి ఆయనది. తొలి బొమ్మల్లో ఆ పెద్ద కనురెప్పలు, ఆ వయ్యారం దిగిపోయాయి. మరో యానిమేటర్ హామిల్టన్ లస్క్ ఇంకా పసితనం కావాలన్నాడు. వాల్ట్ కూడా అమాయకత్వం వైపే మొగ్గాడు.

ఇక నడక. డాన్స్ మాస్టారి కూతురు మార్జొరీ బెల్చర్‌ని రోజుకి 10 డాలర్లకి పిలిపించి, కెమెరా ముందు నడిపించి, ఆడించి, ఆ ఫిల్మ్ చూసి గీశారు. బొమ్మకేమో తల పెద్దది. ఆ కొలత కోసం అమ్మాయి తలకి ఫుట్‌బాల్ హెల్మెట్ పెట్టారు. లైట్ల వేడికి ఉడికిపోయి ఆమె తీసి పక్కన పెట్టింది.

రాణి బొమ్మ కూడా మారింది. మొదట్లో ఆమె నవ్వులాటకి పనికొచ్చే లావుపాటి మనిషి. అలాంటామెకి అందంలో పోటీ అంటే ఎవరు నమ్ముతారు? ఆ పాత్ర సన్నగా, బిగువుగా, చల్లని అందంతో తయారైంది.

గొంతుకి మాత్రం వేరే పద్ధతి. పాడే అమ్మాయిల రూపం తన మనసుని లాగకూడదని వాల్ట్ వాళ్లకి కనపడకుండా కూర్చుని విన్నాడు. అలా ఎంపికైంది సంగీతం మాస్టారి కూతురు అడ్రియానా కాసెలాటి.  తెర మీద ఆమె పేరు వెయ్యలేదు.

1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్‌లో సినిమా తొలిసారి ఆడింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, సన్నని కనుబొమలు, చిన్న ఎర్రటి పెదవులు, అద్దినట్టున్న బుగ్గల ఎరుపు. ఇవన్నీ ఆ దశాబ్దపు హాలీవుడ్ తారల అలంకారాలే. అయినా స్కూలు బ్యాగుల మీదికీ టిఫిన్ డబ్బాల మీదికీ ఎక్కాక అదే అసలు స్నో వైట్ అయిపోయింది.

2021లో డిస్నీ వాళ్ల కొత్త స్నో వైట్ సినిమాకి, కొలంబియా మూలాలున్న తల్లికి పుట్టిన రేచల్ జెగ్లర్‌ని ఎంచుకున్నారనగానే గొడవ లేచింది. మంచులాంటి తెలుపేదీ అన్నారు. 2025లో వచ్చిన ఆ సినిమా, మంచు తుఫానులో పుట్టింది కాబట్టి ఆ పేరు అని సర్దుకుంది. గ్రిమ్ కథ మొదలయ్యేదీ మంచు కురుస్తుంటే కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటున్న తల్లితోనే. ఆ కథలోని మూడు రంగుల్లో ఒకదానికి అంత లెక్క అడిగారు. ఏడేళ్ల పిల్లని 33 ఏళ్ల నటి చేసినప్పుడు మాత్రం పుస్తకంలో అలా లేదే అని ఇంత గొడవ లేవలేదు.