అరువు గొంతు, నిలిచిన పద్యం

తెలుగు సినిమా పాట కథ చెప్పేవారు దాదాపు ఒకే దారిలో నడుస్తారు. సురభి నాటకం 1932లో ‘భక్త ప్రహ్లాద’గా తెరకెక్కింది, పాడగలిగినవారే నటులయ్యారు, ప్లేబాక్ వచ్చాక రంగస్థలం పీడ వదిలింది. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. చందాల కేశవదాసు పాటల గురించీ, ‘పోతన’, ‘త్యాగయ్య’లలో నాగయ్య స్వయంగా పాడిన తీరు గురించీ కావలసినంత రాశారు. చిక్కంతా మూడో మాటతోనే.

నాకు తోచినంతలో ప్లేబాక్ పద్యనాటకాన్ని వెళ్లగొట్టలేదు. దాని ఆయుష్షు పెంచింది. నాటకంలో కృష్ణుడి వేషం కట్టాలంటే ముందు గొంతుండాలి, రూపం తర్వాతి సంగతి. ముఖాన్ని అంత దగ్గరగా చూపించే కెమెరా ముందు ఆ షరతు చెల్లదు. పాడే నటుడితోపాటు పద్యమూ తెర మీంచి దిగిపోవాల్సిందే. దిగలేదు. ఎన్టీ రామారావు ముఖానికి ఘంటసాల గొంతు అమరింది.

తిరుపతి వేంకట కవుల ఉద్యోగపర్వ పద్యాలు ఇందుకు మంచి సాక్ష్యం. 1960 నాటి ‘శ్రీకృష్ణ రాయబారం’లో కృష్ణుడు ఈలపాట రఘురామయ్య, వేషమూ ఆయనదే, పాటా ఆయనదే. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ వచ్చేసరికి ఆ కవుల పద్యాలకే రామారావు పెదవి కదిపారు, ఘంటసాల పాడారు. నాటకాల్లో పద్యం చివర సాగే రాగం వన్స్‌మోర్ కోసం ఎదురుచూస్తుంది. ఘంటసాల దాన్ని కత్తిరించి మాటను ముందుకు తెచ్చారు. విజయనగరంలో ఆయనకు గురువైన పట్రాయని సీతారామశాస్త్రి భావానికి పెద్దపీట వేసిన విద్వాంసులు కనుక, ఘనతంతా మైకుకే కట్టబెట్టడం తగదు. కాని చివరి బెంచీదాకా అరవాల్సిన అవసరం తీర్చింది మాత్రం మైకే.

నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాలూ లేకపోలేదు. నాటకాల నుంచి వచ్చిన మాధవపెద్ది సత్యం ఆ రంగస్థల పటిమను ఎస్వీ రంగారావు పాత్రలకు అలాగే అందించారు. భానుమతి ఎవరి గొంతూ అరువు తీసుకోకుండా తన పాటలు తానే పాడుకున్నారు. అయినా 1977 నాటి ‘దాన వీర శూర కర్ణ’దాకా పద్యం నిలవడానికి పౌరాణికాల మీద జనానికున్న మోజొక్కటే కారణమంటే ఒప్పుకోలేను. ఘంటసాల 1974లో పోయారు. ఆ తర్వాత పద్యాలు పాడినవారున్నారు. ఆ స్థానం మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

అరువు గొంతు ఆచారానికి పరాకాష్ఠ ‘శంకరాభరణం’. సోమయాజులు పాడలేదు, బాలు కనబడలేదు. అయినా 1980లో జనం చూసింది ఒకే విద్వాంసుణ్ణి.

అప్పుడు గొంతు నటుడి నుంచి విడివడింది; ఇప్పుడు పాటే కథ నుంచి విడివడి, సినిమాకంటే ముందే లిరికల్ వీడియోగా బయటికొస్తోంది. కథలో దాని చోటేమిటో తెలియకుండానే లక్షలమంది వినేస్తున్నారు. చాలా పాటలకు నిజంగానే ఆ చోటుండదు. తీసేసినా కథకు లోటు రాదు. 2023లో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’ ఇందుకు మినహాయింపు. అందులో ఇద్దరు స్నేహితులు దొరల పరిహాసానికి చిందుతోనే బదులిస్తారు; పాట ముగిసేసరికి కథ ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. పరిశ్రమ మాత్రం ఆ పాటలోంచి స్టెప్పునే ఏరుకుంది.