గహ్వా నుంచి గాజు ప్రెస్ దాకా

చార్మినార్ చుట్టుపక్కల కాఫీ ఊసెత్తితే జనం కాస్త వింతగా చూస్తారు. అది చాయ్ రాజ్యం. కానీ ఇరానీ హోటళ్లు ఇక్కడ పొయ్యి వెలిగించక ముందే, పాతబస్తీ దక్షిణపు కొసన ఉన్న అరబ్బు ఇళ్లల్లో కాఫీ మరిగేది. ఇవాళ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న, జాలీతో పొడిని అడుగుకు నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌కి ఆ కాఫీతో ఉన్న చుట్టరికం, మన ఇత్తడి ఫిల్టర్‌తో ఉన్నదానికన్నా దగ్గరిదని నా నమ్మకం. ఆ రెండింటిలోనూ పొడి నీళ్లలో నానుతుంది. ఫిల్టర్‌లో మాత్రం నీళ్లు పొడిలోంచి బొట్టుబొట్టుగా దిగిపోతాయి.

నిజాం కొలువులో 19వ శతాబ్దంలో పెద్ద అరబ్బు బలగం ఉండేది. వాళ్లలో ఎక్కువమంది యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో వాళ్లను చావుష్‌లంటారు. వాళ్ల జమేదార్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఒకడు. అతను హైదరాబాద్‌లో గడించిన సొమ్ముతోనే అతని వంశం హద్రమౌత్ తీరంలో ముకల్లా కేంద్రంగా ఏకంగా ఒక రాజ్యాన్నే నిలబెట్టుకుంది. ఇక్కడ ఆ సైనికుల బారకాసులున్న చోటే నేటి బార్కస్. యెమెన్ అంటే కాఫీకి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. మోఖా రేవు నుంచే చాలాకాలం లోకమంతటికీ గింజలు వెళ్లాయి. బాబా బుడన్ హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న కథ కూడా ఆ దారిదే.

గహ్వా అనే ఆ అరబ్బు కాఫీ బార్కస్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. పాలుండవు. శొంఠి ఘాటు ముందు తగులుతుంది, కాఫీ చేదు తర్వాత వస్తుంది. పొడి నీళ్లలోనే మరుగుతుంది. దించాక మడ్డి అడుగుకు దిగేదాకా కాసేపు ఆగాలి, తర్వాత పైతేటను కదలకుండా చిన్న కప్పుల్లోకి వంచుకోవాలి. అరబ్బు దేశాల్లో దల్లా అనే పొడుగు ముక్కు కూజా వాడతారు. దాని ముక్కులో ఖర్జూరపు పీచు కుక్కడం పాత అలవాటు. పొడిని ఆపే జల్లెడ అదే. ఆ పీచు స్థానంలో ఉక్కు జాలీ పెట్టి, దాన్ని పైనుంచి కిందికి దించే ఏర్పాటు చేస్తే వచ్చేదే ప్రెస్. 1948లో హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత ఇక్కడి అరబ్బుల్లో చాలామందిని వెనక్కి పంపేశారు. ఇక్కడ పుట్టి పెరిగిన కుటుంబాలు మిగిలాయి. వాళ్లతోపాటు గహ్వా కూడా.

ఇరానీ చాయ్ కథ అందరికీ తెలిసిందే, ఇక్కడ సాగదీయను. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ డికాక్షన్ కూడా మూతపెట్టి దమ్ మీద గంటల తరబడి ఊరేదే. వేరే గిన్నెలో చిక్కగా కాగిన పాలు చివర్లోనే కలుస్తాయి. నానబెట్టి రుచి లాగడం పాతబస్తీ చేతికి అలవాటైన పని.

ఫిల్టర్ కాఫీ వేరే దారిన వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ ఇళ్లల్లో అది ముందే స్థిరపడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయ్యాక, బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల సామాన్లలో ఇత్తడి ఫిల్టర్ కూడా ఉండేది. వాళ్లు ఎక్కువగా మూసీకి ఉత్తరాన చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, నారాయణగూడల్లో కాపురం పెట్టారు. నదికి దక్షిణాన శాలిబండ, అలియాబాద్ తెలుగు ఇళ్లకు కాఫీ చేరినా, వీధి మాత్రం చాయ్‌దిగానే ఉండిపోయింది.

మరి ప్రెస్ సంగతి? హైదరాబాద్‌కి ఫ్రెంచివాళ్లు కొత్త కాదు. నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచ్ సేనాని రేమండ్ పేరే మూసారాంబాగ్‌గా మారిందంటారు. అయితే ఈ పరికరానికీ హైదరాబాద్‌లోని ఆ ఫ్రెంచివాళ్లకీ ఏ సంబంధమూ లేదు. ప్యారిస్‌లో మేయర్, దెల్ఫోర్జ్ అనే ఇద్దరు 1852లో కడ్డీకి బిగించిన జల్లెడను కూజాలోకి దించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. దాని అంచు కూజా గోడకు సరిగా ఆనేది కాదు, పొడి పక్కల నుంచి పైకొచ్చేసేది. 1929లో మిలాన్‌కు చెందిన కలిమానీ, మొనేటా జాలీ అంచున స్ప్రింగ్ చుట్టి ఆ చిక్కు విప్పారు. 1958లో ఫలీరో బొందనీని దాన్ని మెరుగుపరిచి, ఫ్రాన్స్‌లో క్లారినెట్‌లు చేసే ఫ్యాక్టరీలో తయారు చేయించాడు. ఇటలీవాళ్లు చిక్కు విప్పిన పరికరానికి ఫ్రాన్స్ పేరే నిలిచింది. తర్వాత డెన్మార్క్ కంపెనీ బోడమ్ దాన్ని ఇంటింటి వస్తువుగా చేసింది.

మన దగ్గరికి ఇంత ఆలస్యంగా రావడానికి నాకు తోచిన కారణం పరికరం కాదు, గింజ. 1942 చట్టం ప్రకారం రైతు పండించిన కాఫీ కాఫీ బోర్డు పూల్‌లో కలవాల్సిందే. ఏ తోట గింజ ఏ కప్పులోకి వెళ్లిందో ఎవరికీ తెలిసేది కాదు. 1996 నాటికి ఆ బంధనాలు పూర్తిగా వదిలాయి. తోట పేరుతో, వేయించిన తేదీతో పొట్లాలు రావడం ఆ తర్వాతి ముచ్చట. పాలూ, ఫిల్టర్ పొడిలో కలిపే చికోరీ కప్పేయని రుచి కావాలన్న కోరిక అప్పుడే పుట్టింది. అరకు ఇందుకు మంచి ఉదాహరణ. తూర్పు కనుమల్లో 1898లో పాములేరు లోయలో మొదలైన సాగు, గిరిజన రైతుల చేతుల్లో పెరిగి, 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక కొనే సంగతి. ఇద్దరికి 350 మిల్లీలీటర్లది చాలు, ఇంటిల్లిపాదికీ లీటరుది కావాలి. సగం నింపి వాడితే జాలీ పొడిదాకా సరిగా దిగదు కాబట్టి పెద్దది కొని పెట్టుకోవడం వృథా. గాజుదైతే బోరోసిలికేట్ అవునో కాదో చూడాలి. పిల్లలున్న ఇంట్లో రెండు పొరల స్టీలుదే మేలు, వేడి కూడా నిలుస్తుంది. అన్నిటికన్నా ముందు జాలీ అంచు చూడండి. గోడకు చుట్టూ సమంగా ఆనకపోతే ఎంత ఖరీదుదైనా ప్రతి కప్పులో ఇసుకే.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పొడి దగ్గర. ఫిల్టర్ కోసం మెత్తగా ఆడించిన, చికోరీ కలిపిన కాఫీ పొడి ఇందులో పోస్తే జాలీ పూడుకుపోతుంది. పిడిని బలంగా నొక్కితే వేడినీళ్లు పక్కల నుంచి చేతి మీదికి చిమ్ముతాయి. చికోరీ లేకుండా, బొంబాయి రవ్వంత బరకగా ఆడించమని కొట్టులో గట్టిగా చెప్పాలి. లీటరు నీళ్లకు 60 గ్రాములు, అంటే చిన్న ప్రెస్‌కి 20 గ్రాములు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి పోస్తే సరిపోతుంది. నాలుగు నిమిషాలకు పైకి తేలిన తెట్టును చెంచాతో కదిపి, నురగ తీసేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. గహ్వా పెట్టేవాళ్ల ఓపికే ఇక్కడా పనికొస్తుంది. మడ్డి దానంతటదే దిగాక పిడి నెమ్మదిగా నొక్కాలి. వెంటనే వంచేయాలి, లేదంటే నానుతూ చేదెక్కుతుంది. బోరు నీళ్లయితే రుచి మొద్దుబారుతుంది, జాలీకి సున్నం పడుతుంది. అప్పుడప్పుడూ నిమ్మరసం నీళ్లలో నానబెట్టి కడుక్కోవాలి.

పాలు లేనిదే గొంతు దిగనివాళ్లు పొడి రెట్టింపు వేసుకోవచ్చు. అయినా ఫిల్టర్ డికాక్షన్ చిక్కదనం రాదు, దానికోసం దీన్ని కొనడం దండగ. ఇంకో సంగతి. జాలీ నూనెను ఆపలేదు. అందులోని కెఫెస్టాల్ చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టర్ దాన్ని చాలావరకు పట్టేస్తుంది. మరిగించిన కాఫీకీ ఇదే లోపం. డాక్టర్ ఇప్పటికే హెచ్చరించి ఉంటే రోజూ ప్రెస్ వద్దు.

గహ్వా పద్ధతిని ప్రెస్‌లో ప్రయత్నించాలంటే శొంఠిని పొడి చేయొద్దు, కచ్చాపచ్చాగా దంచండి. మెత్తటి శొంఠి పొడి జాలీ కళ్లలో చిక్కుకుంటే కడగడం కష్టం. ప్రెస్‌లో నీళ్లు మరగవు కాబట్టి ముందు శొంఠిని విడిగా నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, ఆ నీళ్లనే కాఫీ మీద పోయాలి. శొంఠిని కాఫీతోపాటు ఊరికే నానబెడితే ఘాటు అంతగా దిగదు.