గాలివాన చూపించిన పక్షులు

తెరచాప ఓడల కాలంలో అట్లాంటిక్ మీద తిరిగిన ఇంగ్లీషు నావికులకు స్టార్మ్ పెట్రెల్ అంటే హడల్. చూస్తే పిచ్చుకంత పిట్ట. నల్లటి ఒళ్లు, తోక మొదట్లో తెల్లటి పట్టీ, కాళ్లు నీళ్లకు తగిలీ తగలనట్టు అలల మీద తేలిపోయే ఎగురుడు. ‘మదర్ కేరీ కోడిపిల్లలు’ అని వాటికి పేరు పెట్టి, అవి ఓడ వెంట పడితే గాలివాన తప్పదనుకునేవారు. పిట్టే తుఫానును పిలుచుకొస్తుందన్నది మూఢనమ్మకమే, కానీ దాని కింద ఉన్న పరిశీలన గట్టిది. ఆ పక్షి కంటబడడానికీ గాలి రేగడానికీ సంబంధం ఉంది. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో పెనుగాలి వీచే వేళ భూశిర మీద ఏ గోడ చాటునో కూర్చుని, ముందు నుంచి పోయే సముద్రపక్షులను లెక్కపెట్టే అలవాటు ఒకటుంది. సీవాచింగ్ అంటారు. దాని చరిత్ర చదివితే నాకు తోచేది ఇది: సముద్రపక్షుల విషయంలో ‘అరుదు’ అనే మాట చాలాకాలం పక్షి సంగతి చెప్పలేదు, చూసే మనిషి ఎక్కడ లేడో చెప్పింది.

పంతొమ్మిదో శతాబ్దపు పక్షిశాస్త్రం తుపాకీ మీద నడిచింది. చేతికి చిక్కిన పక్షే ఉన్న పక్షి. గూళ్లు పెట్టే కొండచరియల దగ్గర చిక్కించుకోవడం తేలిక కాబట్టి అక్కడే చూపూ, అక్కడే వేటా. యార్క్‌షైర్ తీరంలోని ఫ్లాంబరో హెడ్‌కు జనం సరదాగా పడవలు కట్టించుకుని వెళ్లి గూళ్ల మీది పక్షులను కాల్చి పడేసేవారు. దీన్ని ఆపడానికే 1869లో బ్రిటిష్ పార్లమెంటు సముద్రపక్షుల రక్షణ చట్టం చేసి, ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 దాకా వేటను నిషేధించింది. చట్టం కావాలన్నవాళ్లు ఒక్క జాలినే నమ్ముకోలేదు. పొగమంచులో ఈ పక్షుల అరుపులు విని ఓడలు కొండను తప్పించుకుంటాయనీ, నావికులు వాటిని ‘ఫ్లాంబరో పైలట్లు’ అంటారనీ గుర్తుచేశారు. (లాభం చూపిస్తే గానీ చట్టసభలు కదలవు, ఏ దేశంలోనైనా.) ఇలా గూటి దగ్గరి పక్షి శాస్త్రానికీ చట్టానికీ పరిచయమైంది. ఆ తీరాల్లో గూడే పెట్టని పక్షి మాటేమిటి? గ్రేట్ షియర్‌వాటర్, సూటీ షియర్‌వాటర్ దక్షిణార్ధగోళపు దీవుల్లో పిల్లలను లేపి, ఉత్తరాన వేసవి వచ్చే వేళకు అట్లాంటిక్ దాటి పైకి వస్తాయి. అప్పటి పుస్తకాల్లో ఇవి దారితప్పి వచ్చిన అతిథులు.

1880 ప్రాంతంలో జాన్ కార్డో, హార్వీ బ్రౌన్ అనే ఇద్దరు ఒక మంచి ఉపాయం చేశారు. దీపస్తంభాల కాపలాదారులకు అచ్చువేసిన ఫారాలు పంపి, ఏ రాత్రి ఏ పక్షి వచ్చిందో రాయమన్నారు. బ్రిటిష్ అసోసియేషన్ అందుకు ఒక కమిటీనే వేసింది. ఆ కాగితాల మూటలను విప్పి సారం తీసిన విలియం ఈగిల్ క్లార్క్ 1901 శరత్తులో ప్లిమత్‌కు ఎదురుగా నడిసముద్రంలో నిలిచిన ఎడ్డీస్టోన్ దీపస్తంభంలో తానే నెల రోజులు కాపురం పెట్టాడు. శ్రమ గొప్పదే. అయితే దీపం పిలిచేది ప్రధానంగా రాత్రిపూట సముద్రం దాటే నేలపక్షులను. వలసల మీద ఆ ఫారాలు బోలెడంత వెలుగు వేశాయి గానీ, పగటి గాలిలో అల్లంత దూరాన రెక్క వంచి జారిపోయే షియర్‌వాటర్లు ఆ వెలుగులోకి రాలేదు.

మార్పు దీవుల నుంచి వచ్చింది. వేల్స్ పక్కనున్న స్కోఖోమ్ దీవిని కౌలుకు తీసుకున్న రోనాల్డ్ లాక్లీ 1933లో అక్కడ బ్రిటన్‌లో మొదటి పక్షి పరిశీలనాలయం నెలకొల్పి, మ్యాంక్స్ షియర్‌వాటర్ల బొరియలను ఏళ్ల తరబడి గమనించాడు. 1952లో అక్కడి పక్షిని ఒకదాన్ని విమానంలో బోస్టన్ తీసుకెళ్లి వదిలితే, పన్నెండున్నర రోజుల్లో తన బొరియకు తిరిగొచ్చింది. సముద్రాన్ని ఇల్లుగా చేసుకున్న పక్షి దారితప్పిందని చెప్పేముందు కాస్త ఆలోచించాలని ఆ పక్షే నేర్పింది. అదే ఏడాది శరత్తులో ఆగకుండా వీచిన పడమటి గాలులకు లీచ్స్ పెట్రెల్స్ వేల సంఖ్యలో ఒడ్డున పడ్డాయి. సముద్రం ఛాయలు లేని ఊళ్లలోనూ చచ్చి దొరికాయి. ఎప్పుడో ఒకటి కనబడే పక్షి అన్ని వేలు ఎక్కడి నుంచి ఊడిపడింది? అవతల సముద్రం మీద అవి ఎప్పుడూ ఉన్నవే. 1959లో ఐర్లండ్ నైరుతి కొసన కేప్ క్లియర్ దీవిలో కొందరు యువకులు పరిశీలనాలయం పెట్టి, గాలివానలో బండల మీద కూర్చుని గంటల లెక్కన రాయసాగారు. మ్యాంక్స్ షియర్‌వాటర్లు వేలల్లో పోయాయి. ‘అతిథులు’ అనుకున్న గ్రేట్, సూటీ షియర్‌వాటర్లు ఏటా రుతువు తప్పకుండా వచ్చేవేనని తేలింది.

గాలితో అసలు పనేమిటి? నైరుతి గాలి బలంగా వీచి, తర్వాత వాయవ్యానికి తిరిగితే, సముద్రం మీది పక్షులు తీరపు మడతల్లోకి కొట్టుకొస్తాయి. మళ్లీ బయటపడాలంటే భూశిరను చుట్టి, గాలికి ఎదురీదుతూ, మనిషి కంటికి ఆనేంత దగ్గరగా పోవాలి. కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ పేరు మోసింది ఇందుకే. సాయంత్రం పూట పక్షులు ఒడ్డు దగ్గర కనబడడానికి మరో కారణం కూడా ఉంది. నేల మీద సరిగ్గా నడవలేని మ్యాంక్స్ షియర్‌వాటర్లు పెద్ద గల్ పక్షులకు భయపడి, పొద్దుగూకేదాకా దీవుల ముందు నీటి మీద గుంపులు కట్టి ఉండి, చీకటి పడ్డాకే బొరియల్లోకి వెళ్తాయి. మన తూర్పు తీరంలో సీవాచింగ్ లాంటి అలవాటు పుట్టలేదంటే ఆశ్చర్యం లేదు. అట్లాంటిక్ గాలివాన శరత్తులో మాటిమాటికీ వస్తుంది, రాతిగోడ చాటున మనిషిని కూర్చోనిస్తుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది వచ్చేచోట ఒడ్డున కూర్చోమని ఎవరూ ఎవరికీ చెప్పరు.

సీవాచింగ్ మీద అభ్యంతరాలు లేకపోలేదు, కొన్ని గట్టివే. ఒడ్డు నుంచి చేసే లెక్క గాలిని కొలుస్తుంది గానీ పక్షులను కాదన్నది ఒకటి. నిన్న పది, ఈరోజు వెయ్యి అంటే పక్షులు పెరిగినట్టా, గాలి మారినట్టా? పైగా పొద్దున పోయిన పక్షే సాయంత్రం మళ్లీ పోతే రెండుసార్లు లెక్కకొస్తుంది. నిజమే, ఆ అంకెలతో జనాభా లెక్క కట్టకూడదు. కానీ ఏ జాతి ఏ నెలలో ఏ తీరం ముందుకొస్తుందన్న ప్రశ్నకు ఆ అంకెలు సరిపోయాయి, అంతకు ముందు దానికి జవాబే లేదు. వానలో క్షణకాలం కనబడిన పక్షిని పోల్చుకున్నామంటే ఎలా నమ్మాలన్నది రెండో అభ్యంతరం. అరుదైన పక్షుల కబుర్లను జల్లెడ పట్టడానికి 1959లోనే బ్రిటన్‌లో ఒక కమిటీ ఏర్పడింది. మెదీరా దగ్గరి ఫియాస్, జీనోస్ పెట్రెల్స్ దూరం నుంచి విడదీయలేనంతగా పోలి ఉంటే, ‘ఈ రెండిటిలో ఒకటి’ అని రాసుకోవడం అక్కడ చిన్నతనం కాదు. ఇక పరికరాలు వచ్చాక టెలిస్కోపు ఎందుకంటారు. మ్యాంక్స్ షియర్‌వాటర్లు శీతకాలాన్ని అర్జెంటీనా ముంగిట ఎలా గడుపుతాయో కాలికి కట్టిన చిన్న పరికరాలు చెప్పిన మాట వాస్తవం. అయితే పరికరం కట్టాలంటే పక్షి గూడు ముందు చేతికందాలి.

నా వాదనకు అన్నిటికన్నా చిక్కైన పరీక్ష బాలియారిక్ షియర్‌వాటర్. మధ్యధరా దీవుల్లో గూడు పెట్టే ఈ పక్షి అంతరించే ప్రమాదం అంచున ఉంది. ఇంగ్లండ్ నైరుతి తీరంలో దాని లెక్కలు పెరిగాయనీ, సముద్రం వేడెక్కి అది ఉత్తరానికి జరుగుతోందనీ 2007లో ఒక పరిశోధన పత్రం అంది. పెరిగింది పక్షులా, భూశిరల మీద కూర్చునేవాళ్లా అని మరుసటి ఏడాదే ఎదురు ప్రశ్న వచ్చింది. అరుదును అర్థం చేసుకోవడంలో జరిగిన పొరపాటు, ఇప్పుడు సమృద్ధి విషయంలో తిరగబడి వచ్చిందన్నమాట. దీన్ని తేల్చేది గట్టి దుర్భిణి కాదు, కాగితం మీది ఇంకో గడి. ఎన్ని గంటలు కూర్చున్నారు, గాలి ఎటు, చూపు ఎంత దూరం ఆనింది. గాలి పడిపోయి, పొద్దు వాలేదాకా ఒక్క రెక్కా కనబడని సాయంత్రాన కూడా ఆ గంటల ఎదురుగా సున్నా రాయాలి.