అనంతగిరి – రెండు నదుల పుట్టిల్లు

హైదరాబాదు వాసులకు అనంతగిరి అంటే ఒక ఆదివారపు వనవిహారం. నగరానికి పడమరగా సుమారు 80 కిలోమీటర్లు పోయి, వికారాబాదు దాటి, మలుపులు తిరిగే ఘాట్ రోడ్డెక్కితే చెట్ల నీడ, కోతులు, అనంతపద్మనాభస్వామి ఆలయం. ఫోటోలు తీసుకొని సాయంత్రానికి తిరిగివస్తాము. ఆ నీడలో ఎంత చరిత్ర దాగి ఉన్నదో తరచి చూసేవారు తక్కువ.

మొదట పురాణం. దేవతల పక్షాన పోరి అలసిన ముచుకుందుడు దీర్ఘనిద్రను వరంగా పొంది ఒక గుహలో శయనించాడనీ, శ్రీకృష్ణుణ్ణి తరుముతూ వచ్చిన కాలయవనుడు అతణ్ణి తన్ని లేపి, ఆ చూపుకు భస్మమయ్యాడనీ భాగవత దశమస్కంధ కథ. ఆ గుహ ఇదేనని స్థలపురాణం. ఇక్కడ పుట్టిన ముచుకుందా నదినే మనం మూసీ అంటున్నాము.

తరువాత రైలు. వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా హైదరాబాదుకు 1874లో నిజాం రైలుమార్గం వచ్చింది. వికారాబాదుకు ఆ పేరు పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా వలన వచ్చింది. ఫలక్‌నుమా కట్టించిన వాడాయనే. 1893 నుండి 1901 వరకు నిజాం దివాను. క్షయకు మందు లేని రోజులలో మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. నిజాం కాలంలోనే ఈ కొండమీద క్షయరోగుల ఆరోగ్యకేంద్రం వెలిసింది. నేడు మనం విలాసానికి పీల్చే గాలి ఆనాటి రోగులకు ఔషధం.

ఈ కొండ చేసే అసలు పని నీళ్ళను పంచడం. తూర్పు వాలున పడిన చినుకు మూసీలో చేరి, హైదరాబాదు మీదుగా నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడిన చినుకు కాగ్నాలో చేరి, నాపరాళ్ళకూ కందిపప్పుకూ పేరుపడ్డ తాండూరు పక్కగా కర్ణాటకలో ప్రవేశించి, భీమానది ద్వారా కృష్ణను చేరుతుంది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగరం దాటివచ్చిన ఆ చినుకుకు తన తోబుట్టువు మళ్ళీ ఎదురయ్యేది వాడపల్లిలోనే!

ఈ వాలు మీద కురిసిన వాన నగరానికి ఏమి చేయగలదో 1908 సెప్టెంబరు 28న తెలిసివచ్చింది. ఆనాటి మూసీ వరదలో సుమారు 15 వేలమంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నూటయాభైమందిని తన కొమ్మలమీద కాపాడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ జలాశయాల ఎగువ ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022లో వచ్చిన 69వ నంబరు జీవో ఆ కట్టుబాట్లను సడలించింది.

ఇక నేటి మాట. 2024 అక్టోబరు 15న అనంతగిరి చెంతనే, పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సముద్రగర్భంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపే ఇటువంటి కేంద్రం అంతకు మునుపు దేశంలో తమిళనాట తిరునెల్వేలి వద్ద ఒక్కటే ఉండేది. దీనికి కేటాయించిన అటవీభూమి సుమారు 2,900 ఎకరాలు. చెట్లు కొద్ది భాగంలోనే పోతాయనీ, బదులు మొక్కలు నాటుతామనీ ప్రభుత్వం చెప్పింది. మూసీ పుట్టుకకే ముప్పని పర్యావరణవాదులు, స్థానికులు వాదించారు.

దేశరక్షణ అక్కరలేదనే వారెవరూ లేరు. అయితే అడవి అంటే చెట్ల లెక్క మాత్రమే కాదు. ఆకులు రాలి మట్టిగా మారి, ఆ మట్టి వాననీటిని పట్టి ఉంచి, వేసవిలో ఊటగా వదిలే ఏర్పాటది. వేరొకచోట నాటిన మొక్క ఆ చోట చెట్టు కావచ్చును గాని, ఈ వాలున ఊట కాలేదు. అదే ఏడాది దిగువన నగరంలో మూసీని శుద్ధి చేసి సుందరంగా తీర్చిదిద్దుతామనే ప్రణాళిక జోరుగా సాగింది. మొదట్లో నీరు తగ్గితే చివర ఎన్ని ఒడ్డులు కట్టినా ప్రయోజనమేమి?

ఈసారి అనంతగిరికి వెళ్ళే మిత్రులు ఆలయ దర్శనంతో సరిపెట్టక, కొండ కిందికి కాస్త నడిచి, ఆ సన్నని నీటిపాయను చూసి రండి. అఫ్జల్‌గంజ్ వంతెన కింద పారే నల్లని ప్రవాహానికి మొదలు అదేనంటే నమ్మబుద్ధి కాదు.