పక్కనున్న ఇద్దరు

కచేరీలో వయొలిన్‌నీ మృదంగాన్నీ పక్కవాద్యాలంటాం. మధ్యలో పాట, దాని పక్కన మిగతావి అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. అమెరికా కంట్రీ గాయకుడు జానీ క్యాష్ గురించి మాట్లాడేవాళ్ళు కూడా సాధారణంగా ఇదే లెక్క వేస్తారు: గంభీరమైన గొంతు, నల్ల దుస్తులు, వెనక ఎవరో ఇద్దరు ముగ్గురు. కానీ క్యాష్ శైలి అని లోకం గుర్తుపట్టే దాంట్లో సగం ఆ వెనకవాళ్ళకు చేతకాని పనుల్లోంచి పుట్టింది. వాళ్ళు ఇంకాస్త నేర్పరులై ఉంటే మనం వినేది వేరే క్యాష్‌ని.

1954లో వైమానిక దళం నుంచి బయటపడిన క్యాష్ మెంఫిస్ చేరి ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్మే ఉద్యోగంలో కుదిరాడు. అన్న రాయ్ పనిచేసే కార్ల కంపెనీలోనే మార్షల్ గ్రాంట్, లూథర్ పెర్కిన్స్ మెకానిక్కులు. సాయంత్రాలు ముగ్గురూ మూడు గిటార్లు పట్టుకుని భక్తి గీతాలు పాడుకునేవాళ్ళు. ముగ్గురూ అదే వాయిస్తే బృందం కాదని గ్రాంట్ బేస్‌కి మారాడు. ఆ వాద్యం ఆయనకు బొత్తిగా కొత్త. ఏ స్వరం ఎక్కడుందో తెలియడానికి దాని మెడ మీద గుర్తులు అంటించుకుని మొదలుపెట్టాడు. పెర్కిన్స్ ఎలక్ట్రిక్ గిటారు అందుకుని, అరచేత్తో తీగల్ని అదిమిపట్టి ఒక్కో స్వరాన్నే ఆచితూచి మీటాడు. వేగంగా వాయించడం ఆయన వల్ల కాదు. డ్రమ్ము లేని లోటు తీర్చడానికి క్యాష్ తన గిటారు తీగల కింద కాగితం దూర్చి టకటకమనిపించాడు. స్టీల్ గిటారు వాయించే నాలుగో మనిషి ఒకాయన ఉండేవాడు గానీ, సన్ రికార్డ్స్ స్టూడియోకి వెళ్ళిన రోజున బెదిరిపోయి తప్పుకున్నాడు. తీపి పలుకు పలికే ఆ ఒక్క వాద్యమూ అలా పోయింది. మిగిలిన ఎండు దెబ్బే 1955లో మొదటి రికార్డుగా వచ్చింది.

కిరాయి వాద్యగాళ్ళతోనూ గొప్ప పాటలు వచ్చాయి కదా అనవచ్చు. వచ్చాయి. నాష్‌విల్ స్టూడియోల్లో గంటల లెక్కన పనిచేసిన నిపుణులే 1961లో ప్యాట్సీ క్లైన్ ‘క్రేజీ’కి వెనక నిలిచారు. ఆ రికార్డుకు వంక పెట్టలేం. అయితే అక్కడ వాద్యగాళ్ళు పాటకు తగ్గట్టు ఒదుగుతారు. ఇక్కడ పాటే వాద్యగాళ్ళకు తగ్గట్టు ఒదిగింది. 1956 నాటి ‘ఐ వాక్ ద లైన్’ వినండి. చరణాలు మారేచోట శ్రుతి మారుతుంది. కొత్త శ్రుతి పట్టుకోవడానికి క్యాష్ ముందు సన్నగా కూనిరాగం తీస్తాడు, పెర్కిన్స్ మంద్ర తీగల మీద ఒక్కో మెట్టూ వేసి దారి చూపిస్తాడు. ఎక్కడా తొందర లేదు. తొందరపడే వీలు కూడా లేదు.

ఇంకా గట్టి అభ్యంతరం 1994 ఆల్బమ్ ‘అమెరికన్ రికార్డింగ్స్’. అందులో క్యాష్ గొంతు, చేతిలో గిటారు తప్ప ప్రధానంగా ఇంకేమీ లేవు. పక్కవాళ్ళు లేకుండానే నిలబడ్డాడు కదా? నిజమే, గొంతు ఆయనదే, ఎవరూ అరువివ్వలేదు. కానీ ఒంటరిగా నిండుగా వినిపించే ఆ పద్ధతి ఎక్కడ అలవడిందో చూడాలి. వెనక వయొలిన్ల గుంపు ఉన్న గాయకుడు వాటి మీదుగా పాడడం నేర్చుకుంటాడు. క్యాష్ మాత్రం ఖాళీల మధ్య పాడడం నేర్చుకున్నాడు, ఆ ఖాళీలు పెర్కిన్స్ వదిలినవి.

చేతకానితనాన్ని కళ అంటున్నావా అని అడిగేవాళ్ళకు జవాబు 1968లో ఉంది. ఆ ఆగస్టులో ఇంట్లో మంటలు చెలరేగి, ఆ గాయాలతో పెర్కిన్స్ చనిపోయాడు. ‘బ్లూ స్వీడ్ షూస్’ రాసిన కార్ల్ పెర్కిన్స్ (ఇంటిపేరు ఒకటే, బంధుత్వం లేదు) అప్పటికే క్యాష్ బృందంతో తిరుగుతున్నాడు. గిటారులో ఆయన ఎన్నో రెట్లు మేటి. అయినా ఖాళీ అయిన స్థానం ఆయనకు స్థిరపడలేదు. సెప్టెంబరులో ఆర్కన్సాలోని ఫయెట్‌విల్‌లో బృందంలో కొందరు వేదిక చేరలేకపోయినప్పుడు, వినడానికి వచ్చిన బాబ్ వూటన్ అనే యువకుడు గిటారు అందుకున్నాడు. లూథర్ పలుకుల్ని రికార్డులు వింటూ అచ్చంగా పట్టేసిన మనిషి. ఆయన దాదాపు ముప్పై ఏళ్ళు అక్కడే ఉన్నాడు. చేతకాక వాయించింది మాత్రమే అయితే దాన్ని పొల్లుపోకుండా నేర్చుకున్నవాడి కోసం స్థానం ఆగి ఉండేది కాదు.

సన్ లేబుళ్ళ మీద క్యాష్ పేరుతో పాటు ‘టెనెసీ టూ’ అని కూడా అచ్చయ్యేది. 1960లో డ్రమ్మర్ చేరాక అది ‘టెనెసీ త్రీ’ అయింది. 1980లో క్యాష్ గ్రాంట్‌ను తీసేశాడు. గ్రాంట్, లూథర్ కూతుళ్ళు డబ్బు విషయమై దావా వేశారు. అది కోర్టు బయట రాజీతో ముగిసింది కాబట్టి, ఆ దెబ్బలో ఎవరి వాటా ఎంతో ఏ న్యాయమూర్తీ తేల్చాల్సిన అవసరం రాలేదు.