తెలంగాణ బాక్సింగ్ – ప్రపంచ విజేతలు

తెలంగాణ బాక్సింగ్ చరిత్ర చాలావరకు నిజామాబాద్ చరిత్రే. రాష్ట్రానికి ప్రపంచ చాంపియన్‌షిప్ పతకాలు తెచ్చిన నిఖత్ జరీన్, మహమ్మద్ హుసాముద్దీన్ ఇద్దరూ ఆ ఊరివాళ్లే. ఇద్దరికీ తొలి పాఠాలు చెప్పిన గురువూ ఒక్కరే, హుసాముద్దీన్ తండ్రి షంసముద్దీన్. తర్వాత హుసాముద్దీన్ సైన్యంలో చేరాడు. నిఖత్ విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర రాటుదేలింది. వీళ్ల దారిలో ప్రైవేటు జిమ్ముల యజమానులు గానీ, టికెట్లమ్మే ప్రమోటర్లు గానీ కనిపించరు. పైకి తెచ్చింది ఊరి కోచ్, సర్కారు శిక్షణ కేంద్రం, సైన్యం. తెలంగాణ బాక్సింగ్ బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

జపాన్‌తో పోల్చి చూస్తే ఇది తేటపడుతుంది. యుజిరో వతనబె 1921లో టోక్యోలో బాక్సింగ్ క్లబ్ పెట్టాడు. 1952లో యోషియో షిరాయ్ డాడో మారినోను ఓడించి ఆ దేశానికి తొలి ప్రపంచ టైటిల్ తెచ్చాడు. ఫైటింగ్ హరాడా రెండు వెయిట్లలో చాంపియన్ అయ్యాడు. యోకో గుషికెన్ టైటిల్‌ను 13 సార్లు నిలబెట్టుకున్నాడు. 2024 మేలో బాంటమ్ వెయిట్‌లోని నాలుగు ప్రధాన సంస్థల టైటిళ్లూ జపనీయుల దగ్గరే ఉన్నాయి. అక్కడ ప్రతి ప్రొఫెషనల్ బాక్సరూ ఏదో ఒక జిమ్‌కు చెందాల్సిందే. జిమ్ యజమానే అతని బౌట్లు కుదురుస్తాడు. కొరాకుయెన్ హాల్‌లో టికెట్ కొని కూర్చున్న జనమే ఆ వ్యవస్థను పోషిస్తారు. నాలుగు రౌండ్ల కొత్త కుర్రాడికి కూడా పోరాడే వేదిక ఉంటుంది.

అమెచ్యూర్ పతకాన్నీ ప్రొఫెషనల్ బెల్టునూ ఒక గాటన కట్టొచ్చా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న సబబే. ప్రొఫెషనల్ టైటిల్ పోరు ఒక్క ప్రత్యర్థితో 12 రౌండ్ల దాకా సాగుతుంది. అమెచ్యూర్ పోటీలో మూడు రౌండ్లే అయినా కొద్దిరోజుల్లో వరసగా అందరినీ ఓడించుకుంటూ పోవాలి, ఒక్కసారి ఓడినా ఇంటికే. కష్టాల తీరు వేరు, అంతే. పైగా నాలుగు సంస్థలు నలుగురికి బెల్టులు కట్టే చోట ప్రపంచ విజేత ఎవరన్నదే వివాదం. తానే విజేతనని తేల్చడానికి జపాన్ బాక్సర్ నవోయా ఇనోవె ఆ నాలుగు బెల్టులనూ ఒకచోట చేర్చాల్సి వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగాల ఫైనళ్లు రెండింటినీ 5–0తో గెలిచిన నిఖత్ విషయంలో ఆ గొడవ లేదు.

ఒక్క అమ్మాయి అసాధారణ ప్రతిభను వ్యవస్థ గొప్పగా చెప్పుకోవడమేంటన్నది మరో అభ్యంతరం. అదే గురువు శిష్యుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు గెలిచాడు కాబట్టి ఆ వాదన నిలవదు. బాక్సింగ్ దాటి చూసినా ఇదే తీరు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024లో, అదీ జపాన్‌లోని కోబెలో, పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. ఆమెకు శిక్షణ ఇచ్చింది కోచ్ నాగపురి రమేశ్. పిల్లల్లో సత్తాను పసిగట్టే కన్ను ఉన్నచోట మార్కెట్ లేకున్నా విజేతలు పుడతారు.

అయితే ఈ పద్ధతిలో ద్వారం ఒక్కటే, తాళంచెవి జాతీయ బాక్సింగ్ సమాఖ్య చేతిలో ఉంటుంది. 2011లోనే జూనియర్ ప్రపంచ విజేత అయిన నిఖత్, 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండా పంపబోతున్నారని తెలిసి కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. డిసెంబర్‌లో ట్రయల్ జరిగింది, 9–1తో మేరీ కోమ్ గెలిచింది. ఫలితం సరైనదే. కానీ పోటీ చేసే హక్కునే అడిగి తెచ్చుకోవాల్సి రావడం ఈ ఏర్పాటులోని లోపం. జపాన్‌లో అయితే ఒక జిమ్ తలుపు మూస్తే మరొకటి ఉంటుందని అనిపిస్తుంది. నిజానికి అక్కడ జిమ్ మారడమూ చాలాకాలం తేలిక కాలేదు. కొత్తవాళ్లకు పారితోషికాన్ని టికెట్ల రూపంలో ఇచ్చి అమ్ముకోమనడం మామూలే. 2025 ఆగస్టులో కొరాకుయెన్ హాల్‌లో ఒకేరోజు పోరాడిన ఇద్దరు బాక్సర్లు మెదడు గాయాలతో కన్నుమూశారు. ఆ నమూనాను ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోమని ఎవరూ అనరు.

తెలంగాణలో ఇప్పటికీ డబ్బు విజయం తర్వాతే వస్తుంది. ఇస్తాంబుల్ స్వర్ణం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నిఖత్‌కు రూ. 2 కోట్లు ప్రకటించింది, 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో ఓడినా ఆమె 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడా వరల్డ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం గెలిచింది. ఆమెతో పాటు మొదలుపెట్టి జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో ఆగిపోయినవాళ్లకు మాత్రం ఆ తర్వాత ఎక్కడానికి రింగ్ లేదు.