చంపకమాలలో ఒదిగిన మహాసంఖ్య

క్రీ.శ. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, జైనాచార్యుడైన మహావీరుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రచించాడు. 11వ శతాబ్దివాడుగా ప్రసిద్ధుడైన పావులూరి మల్లన దానిని తెలుగు చేశాడు. తెలుగున శాస్త్రవిషయాన్ని పద్యబద్ధం చేసిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి.

మల్లన పేర ఒక చంపకమాల ప్రచారంలో ఉంది. చదరంగపు 64 గళ్ళలో మొదటిదానిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఆ ఒక్క పద్యం చెబుతుంది. ఆ మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. అంటే లక్షా ఎనభైనాలుగు వేల కోట్ల కోట్లకు పైమాట.

పద్యంలో అంకెలు కనిపించవు, భూతసంఖ్యలు కనిపిస్తాయి. చంద్రుడు 1, అగ్ని 3, వేదాలు 4, మన్మథశరాలు 5, తర్కాలు 6, పర్వతాలు 7, ఏనుగులు 8, ఆకాశం శూన్యం. ఒకట్ల స్థానం నుండి వామగతిలో చదువుకోవాలి. ఇరవై అంకెలకు ఇరవై పదాలు.

ఈ సంఖ్యను రాబట్టడానికి 64 కూడికలు అక్కరలేదు. మొదటి రెండు గళ్ళ మొత్తం 3, మూడింటిది 7, నాలుగింటిది 15. ఎక్కడ ఆగినా మొత్తం తరువాతి గడికి ఒకటి తక్కువ. కనుక 65వ గడి ఒకటి ఉంటే అందులో ఉండవలసిన సంఖ్య తెలిస్తే చాలు. రెంటిని ఆరుమార్లు వర్గం చేస్తే అది సిద్ధిస్తుంది: 4, 16, 256, 65,536, ఆపై మరి రెండు వర్గాలు. ఇలా వర్గీకరించే ఉపాయాన్ని పింగళాచార్యుడు ఛందశ్శాస్త్రంలో, వృత్తభేదాలను లెక్కించడానికి ఏనాడో సూత్రీకరించాడు.

తాళపత్రాల మీద తరతరాలుగా సాగిన పాఠాన్ని ఛందస్సు కాపాడుతుంది. అయితే పూర్తిగా కాదు. ‘అగ్ని’ ఉన్నచోట లేఖకుడు పొరపాటున ‘అభ్రం’ అన్న అర్థంలో ‘అభ్ర’ అని వ్రాశాడనుకుందాం. రెండూ గురులఘువులే. గణం చెడదు, యతిప్రాసలకు భంగం లేదు. కాని 3 పోయి 0 చేరుతుంది.

అప్పుడు గణితమే సాక్షి. రెంటి ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొక ఆవృత్తిగా తిరుగుతాయి. 64లో పది ఆవృత్తులు పోగా నాలుగు మిగులుతాయి గనుక శేషం 7. అందులో ఒకటి తీస్తే 6. మన సంఖ్యలోని అంకెల మొత్తం 87, దానికీ శేషం 6. తప్పుపాఠంలో మొత్తం 84, శేషం 3. దోషం పట్టుబడింది. ఈ పరీక్షకు లొంగని దోషాలూ ఉంటాయి. మొత్తం గణనను తిరిగి చేస్తే అవీ నిలువలేవు.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణంతో ఆగమనలేదు, మననాన్నీ విధించాడు. శబ్దం లేకపోతే ఈ సంఖ్య మనదాకా వచ్చేది కాదు. యుక్తి లేకపోతే వచ్చింది అదేనని మనకు తెలిసేది కాదు. పెద్దల నోట విన్న పద్యాన్ని ఒకమారు లెక్కించి చూడడం అశ్రద్ధ కాదు. అది శ్రద్ధకు పరిపూర్తి.